పెట్రోలు డబ్బా మూత: అపోహలు - వాస్తవాలు

అమెరికాలో పెట్రోలు నింపుకునే చేతి క్యాన్లను మార్కెట్ నుంచి వెనక్కి పిలుస్తున్నారనే (రీకాల్) వార్త అప్పుడప్పుడు వస్తుంటుంది. చిన్న పిల్లలు సులువుగా తెరవలేని మూత వాటికి లేదన్నదే అభియోగం. హైదరాబాద్‌లో పిల్లల అత్యవసర వైద్యం చేసే నాకు ఆ వార్త చదివితే కాస్త అసూయ కలుగుతుంది. అక్కడ తప్పు మూతది, దాన్ని సరిచేయవచ్చు. మన దగ్గర కిరోసిన్, థిన్నర్, పెట్రోలు ఉండేది మంచినీళ్ల సీసాలో. దాన్ని ఏ కంపెనీ వెనక్కి పిలుస్తుంది? ఈ విషయమై తల్లిదండ్రులు అడిగేవి, అడగకుండానే నమ్మేవి కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: రీకాల్ చేశారంటే ఎక్కడో పిల్లలకు ప్రమాదం జరిగే ఉంటుంది.

అలా ఉండాలని లేదు. ఇలాంటి ప్రకటనలు చాలావాటిలో ఒక్క గాయమూ నమోదు కాలేదని స్పష్టంగా రాసి ఉంటుంది. మూత ప్రమాణానికి తగ్గట్టు లేకపోవడమే అక్కడ చట్ట ఉల్లంఘన. గాయపడేదాకా ఆగనవసరం లేదు. మన దేశంలోనూ 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రమాదకరమైన సరుకును వెనక్కి తీసుకోమని ఆదేశించే అధికారాన్ని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు ఇచ్చింది. ఫిర్యాదు చేయదలచినవారికి 1915 నంబరు ఉంది.

అపోహ: ఖాళీ డబ్బా అమ్మితే తప్పేమిటి? విషం ఉన్నది పెట్రోలులో కదా!

ఈ వాదన అమెరికాలోనూ చాలా కాలం నడిచింది. విష పదార్థాల ప్యాకింగ్‌పై అక్కడ 1970లోనే చట్టం వచ్చింది కానీ, అది సరుకుతో నింపి అమ్మే డబ్బాలకే వర్తించేది. ఖాళీగా అమ్మే పెట్రోలు క్యాను ఆ సందులోంచి తప్పించుకుంది. 2008లో పిల్లలను పెట్రోలు కాలిన గాయాల నుంచి కాపాడే చట్టం చేసి ఆ సందు మూశారు. ఖాళీ క్యానుకు కూడా పిల్లలు తెరవలేని మూత ఉండి తీరాలన్నారు.

అపోహ: అలాంటి మూత ఉంటే పిల్లలు తెరవలేరు, ఇక నిశ్చింతే.

దీని మీద కాస్త ఎక్కువే చెప్పాలి. ఇలాంటి మూతలకు నిజమైన పిల్లలతోనే పరీక్ష పెడతారు. 1970 చట్టం కింద జరిగే పరీక్షలో పిల్లల వయసు 42 నుంచి 51 నెలలు. ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి, చేతికి డబ్బా ఇచ్చి తెరవమంటారు. గడువు అయిదు నిమిషాలు. తెరవలేకపోతే పెద్దవాళ్లు ఒకసారి తెరిచి చూపించి, కావాలంటే పళ్లతో కూడా ప్రయత్నించవచ్చని చెప్పి, మరో అయిదు నిమిషాలు ఇస్తారు. మొదటి గడువులో కనీసం 85 శాతం, మొత్తం పది నిమిషాల్లో కనీసం 80 శాతం పిల్లలు తెరవలేకపోతే మూత నెగ్గినట్టు. అంటే పరీక్ష నెగ్గిన మూతను కూడా అయిదుగురిలో ఒకరు తెరిచే అవకాశం ఉంది. అదీ పది నిమిషాల లోపే! మూత ఇచ్చేది వంటగదిలోంచి అమ్మ వచ్చేదాకా కొంత వ్యవధి మాత్రమే.

పరీక్షలో రెండో సగం సంగతి జనానికి అంతగా తెలియదు. 50 నుంచి 70 ఏళ్ల పెద్దవాళ్లలో కనీసం 90 శాతం మంది ఆ మూతను తెరిచి, తిరిగి సరిగ్గా బిగించగలగాలి. ఇది మర్యాద కోసం పెట్టిన నిబంధన కాదు. చేతులు నొప్పెట్టే నానమ్మకు మూత తెరుచుకోకపోతే ఆమె దాన్ని సగం తిప్పి వదిలేస్తుంది, లేదా లోపలిదాన్ని వేరే సీసాలో పోసుకుంటుంది. అప్పుడు ఆ మూత ఉన్నా లేనట్టే. నొక్కి తిప్పే మూతను మళ్లీ బిగించేటప్పుడు చివరిదాకా తిప్పకపోయినా ఫలితం అదే.

అపోహ: అంత ఘాటైన వాసన వస్తుంటే పిల్లలు ఎలా తాగుతారు?

తాగుతారు. ఏడాది నుంచి మూడేళ్ల వయసులో ఏ వస్తువునైనా నోట్లో పెట్టుకునే తెలుసుకుంటారు. సీసా ఎత్తితే అందులో నీళ్లుంటాయన్నది ఆ వయసుకు రోజూ రుజువయ్యే సత్యం. వేసవిలో, దాహం వేసినప్పుడు, ఇలాంటి ప్రమాదాలు పెరుగుతాయి. వాసన చెడ్డదని తెలిసేటప్పటికే మొదటి గుక్క గొంతు దిగి ఉంటుంది, దగ్గు మొదలై ఉంటుంది. గ్యాసు పొయ్యిలు వచ్చాక కిరోసిన్ తగ్గిన మాట నిజమే. అయినా నగరంలో ఎప్పుడూ ఏదో ఒక మూల ఇంటి పని సాగుతూనే ఉంటుంది, పెయింటు వేసేవాళ్లు థిన్నర్, టర్పెంటైన్ సీసాలు కిటికీ గట్టు మీద వదిలి వెళ్తుంటారు. కట్టడాల దగ్గరే కాపురముండే కూలీల పిల్లలు ఆ సీసాల మధ్యే ఆడుకుంటారు. గోడకు తగిలించే దోమల మందు రీఫిల్‌లో కూడా చాలావరకు ఉండేది శుద్ధి చేసిన కిరోసిన్ తరహా ద్రవమే. అది పిల్లల చేతికి అందే ఎత్తులో, ప్లగ్గుకే వేలాడుతుంటుంది.

అపోహ: తాగిన వెంటనే కక్కిస్తే మంచిది.

ఒక్క ముక్క మాత్రమే గుర్తుంటుందనుకుంటే, దీన్ని గుర్తుంచుకోండి: కక్కించకూడదు. ఉప్పునీళ్లు, గొంతులో వేలు పెట్టడం, తలకిందులుగా పట్టుకుని వీపు మీద చరచడం, కోడిగుడ్డు తెల్లసొన, గ్లాసెడు పాలు... ఇవన్నీ అయ్యాకే పిల్లలు మా దగ్గరికి వస్తారు. "డాక్టరు గారూ, అంతా కక్కించేశామండీ" అని తండ్రి ఊరటగా చెప్తాడు. సరిగ్గా అక్కడే మాకు గుబులు.

కిరోసిన్ కడుపులో ఉన్నంతవరకు ముప్పు తక్కువ. అసలు ముప్పు ఊపిరితిత్తులకే. అది నీళ్ల కంటే పలచగా పాకే గుణమున్న నూనె. మింగేటప్పుడో, వాంతి అయ్యేటప్పుడో చాలా కొద్దిగా గాలి గొట్టంలోకి జారినా, ఊపిరితిత్తి లోపలి సన్నని పొర మీద ఇట్టే పరుచుకుని వాపు తెస్తుంది. కక్కిస్తే ఆ ద్రవం గొంతు దాకా రెండోసారి వస్తుంది, ఊపిరితిత్తుల్లోకి పోవడానికి రెండో అవకాశం దొరుకుతుంది. ఆసుపత్రిలో మేము కూడా కిరోసిన్ ఒక్కటే తాగినప్పుడు గొట్టం వేసి కడుపు కడగం. "కడగరా?" అని నిలదీసే బంధువులు ఉంటారు. వారికి కోపం వస్తుంది, రానివ్వండి.

మరి చేయవలసింది ఏమిటి? బట్టలకు అంటితే విప్పి, ఒంటిని సబ్బుతో కడగాలి. పిల్లను కూర్చోబెట్టుకునో, ఎత్తుకునో 108కి ఫోను చేయాలి, లేదా దగ్గరి ఆసుపత్రికి బయలుదేరాలి. నోటి ద్వారా ఏమీ పట్టకూడదు. తాగిన సీసాను వెంట తీసుకురావాలి, ఎందుకంటే కొన్ని థిన్నర్లు, పురుగు మందు కలిపిన ద్రవాలు రక్తంలోకి చేరి మెదడు మీద పనిచేస్తాయి. వాటికి వైద్యం వేరు. సీసా చూస్తే మాకు సగం పని తప్పుతుంది.

అపోహ: తాగి గంటయింది, ఆడుకుంటోంది, ఇక పర్వాలేదు.

మొదటి గంటలో తీసిన ఎక్స్‌రే మామూలుగానే కనిపించవచ్చు. ఊపిరి వేగం పెరగడం, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి లాగడం, జ్వరం, మగత కొన్ని గంటల తర్వాత బయటపడతాయి. ఏ లక్షణమూ లేని పిల్లను సైతం కనీసం ఆరు గంటలు కనిపెట్టి ఉంచేది అందుకే. ఆ ఆరు గంటలూ మాతో గొడవ పడకండి.

అపోహ: బంకులో సీసా పట్టుకెళ్లి పెట్రోలు తెచ్చుకోవడం మామూలే, చట్టం అడ్డు చెప్పదు.

1934 నాటి పెట్రోలియం చట్టం ఎనిమిదో సెక్షన్ ప్రకారం, అమ్మకం కోసం కాని పెట్రోలును మొత్తం 30 లీటర్ల దాకా లైసెన్సు లేకుండా ఉంచుకోవచ్చు. అయితే అది గట్టిగా మూత బిగించిన గాజు, పింగాణీ లేదా లోహపు పాత్రలో ఉండాలి. గాజు, పింగాణీ అయితే లీటరు మించకూడదు, లోహమైతే 25 లీటర్లు మించకూడదు. ఆ జాబితాలో ప్లాస్టిక్ నీళ్ల సీసా ఎక్కడా లేదు. మూత పిల్లలకు తెరుచుకోకూడదన్న మాటా ఆ సెక్షన్‌లో లేదు. అది చట్టంలోని లోటే అని నా అభిప్రాయం. బేగంబజారులో క్యాన్ కొనేటప్పుడు నొక్కి తిప్పే మూత ఉందా అని అడగండి. పది మంది అడిగితే దుకాణదారు తెప్పిస్తాడు.

అపోహ: నిండు డబ్బా కంటే అడుగున కొంచెమే ఉన్న డబ్బా నయం.

తాగడం సంగతి అటుంచి, నిప్పు విషయంలో ఇది తలకిందులు. మండేది ద్రవం కాదు, ఆవిరి. గాలిలో పెట్రోలు ఆవిరి సుమారు 1.4 నుంచి 7.6 శాతం మధ్య ఉంటేనే అంటుకుంటుంది. నిండు డబ్బాలో ఆవిరి మరీ చిక్కగా ఉంటుంది, దాదాపు ఖాళీ అయిన డబ్బాలో అది సరిగ్గా మండే పాళ్లకు రావచ్చు. భోగి మంట రాజుకోలేదనో, చెత్త అంటుకోలేదనో మండేదాని మీద డబ్బా వంచితే, మంట మూతిలోంచి లోపలికి పోయి, అగ్నిజ్వాలగా ఎదురుగా నిలబడ్డవాళ్ల మీదికి చిమ్ముతుంది. అందుకే అమెరికాలో 2020లో చేసిన మరో చట్టం, మంట లోపలికి పోకుండా ఆపే జాలీ లాంటి అడ్డు క్యాను మూతిలో ఉండాలంది. కొన్ని రీకాల్ ప్రకటనల్లో మూతతోపాటు ఈ అడ్డు లేకపోవడాన్నీ తప్పుగా చూపిస్తారు.

ఒళ్లు కాలితే కుళాయి నీళ్ల కింద ఇరవై నిమిషాలు. టూత్‌పేస్టు, ఐసు, ఇంకు వద్దు.

అపోహ: పాత క్యానును బాగా కడిగి నీళ్లకు వాడుకోవచ్చు.

ప్లాస్టిక్ పెట్రోలును పీల్చుకుంటుంది, కడిగినా వాసన వదలదు. పైగా నిన్నటిదాకా పెట్రోలు ఉన్న క్యాను ఇవాళ నీళ్ల క్యాను అయితే, రేపు ఏది ఏదో పిల్లలకు ఎలా తెలుస్తుంది? పనికిరాని క్యానును పాత సామాను కొనేవాడికి అలాగే ఇవ్వకండి, అది ఇంకో ఇంట్లో నీళ్ల డబ్బా అవుతుంది. ఖాళీ చేసి, మూత తీసి, ఆరుబయట నిప్పుకు దూరంగా పూర్తిగా ఆరనివ్వండి. తర్వాత కత్తితో అడుగున కోసి పారేయండి.