క్లాసిక్ బేస్ గిటార్: రిపేరు బెంచి మీద రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

పోయిన నెల చెన్నై వడపళనిలో మా గిటార్ రిపేరు షాపుకి ఒక కుర్రాడు వచ్చాడు. నెల్లూరు వాడు, ఓఎంఆర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, శని ఆదివారాల్లో ఫ్రెండ్స్‌తో బ్యాండు. బ్యాగు జిప్పు తీసి బేస్ బెంచి మీద పెట్టాడు. ఫోన్‌లో రాసుకున్న లిస్టు చూపించాడు. కొత్త పికప్‌లు (స్ట్రింగ్స్ కదలికని పట్టే అయస్కాంతం, తీగ చుట్టలు), టోన్ నాబ్‌కి వేసే ఆయిల్ కెపాసిటర్, బరువైన బ్రిడ్జి (బాడీ మీద స్ట్రింగ్స్ ఆనే మెట్టు), తాబేటి చిప్ప రంగు పిక్‌గార్డ్ (బాడీ మీద గీతలు పడకుండా వేసే పలక).

"అన్నా, ఇది క్లాసిక్ బేస్‌లా మోగాలి. ముప్పై వేల దాకా పెడతా."

ఆ లిస్టులో ఒక్క వస్తువు కూడా కొనిపించలేదు. ఏం చేశానో కాస్త ఆగి చెప్తాను. ముందు ఆ లిస్టు ఎక్కడి నుంచి పుట్టిందో చూద్దాం, ఎందుకంటే వారానికి ఇద్దరైనా అలాంటి లిస్టుతోనే వస్తారు.

అపోహ: మొట్టమొదటి ఎలక్ట్రిక్ బేస్ ఫెండర్‌దే

కాదు. అమెరికాలోని సియాటిల్‌లో పాల్ టుట్‌మార్క్ అనే ఆయన 1930ల్లోనే ఫ్రెట్‌లున్న (అంటే మెడ మీద అడ్డంగా సన్నని లోహపు కడ్డీలున్న) ఎలక్ట్రిక్ బేస్ తయారు చేశాడు. ఆడియోవాక్స్ 736 దాని పేరు. అయితే అది పెద్దగా అమ్ముడుపోలేదు. 1951లో లియో ఫెండర్ తెచ్చిన ప్రెసిషన్ బేస్ మాత్రం నిలబడిపోయింది.

ఇక్కడ నాకు భలే నచ్చే సంగతి ఒకటుంది. లియో ఫెండర్‌కి గిటార్ వాయించడం రాదు. ఆయన రేడియో రిపేరు మనిషి. కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో రేడియో షాపు నడిపేవాడు. వాయించేవాళ్లు వచ్చి చెప్పుకునే కష్టాలు విని, వాటికి ఉపాయాలు వెతికాడు. నిలబెట్టి వాయించే పెద్ద డబుల్ బేస్ మోసుకెళ్లడం కష్టం, డ్రమ్స్ పక్కన అది వినపడదు, ఫ్రెట్‌లు ఉండవు కాబట్టి స్వరం తప్పకుండా పట్టాలంటే ఏళ్ల సాధన కావాలి. ఫ్రెట్ వేస్తే వేలు ఎక్కడ పెట్టినా స్వరం కచ్చితంగా పలుకుతుంది. ప్రెసిషన్ అన్న పేరు అందుకే. అంటే ఇవాళ మనం అద్దాల బీరువాలో పెట్టి చూసుకునేది ఒకప్పుడు వాయించుకుని బతికేవాళ్ల కోసం చేసిన పనిముట్టు.

అప్పుడు పెట్టిన స్కేలు 34 అంగుళాలు, అంటే నట్ (మెడ పై చివర స్ట్రింగ్స్ ఆనే మెట్టు) నుంచి బ్రిడ్జి దాకా దాదాపు 86 సెంటీమీటర్లు. మామూలు ఎలక్ట్రిక్ గిటార్‌కి ఇది 25 అంగుళాల చిల్లర. డబుల్ బేస్‌కి 40 దాటుతుంది. ఈ 34 ఇప్పటికీ చాలా బేస్‌లకి కొలబద్ద. నన్నడిగితే క్లాసిక్ లక్షణాల్లో మొదటిది ఇదే, కానీ ఎవరి లిస్టులోనూ ఇది ఉండదు.

అపోహ: క్లాసిక్ అంటే 1951 మోడల్

మనం పీ బేస్ (ప్రెసిషన్‌కి పొట్టి పేరు) అనగానే కళ్ల ముందుకొచ్చే రూపం 1957ది. 1951లో వచ్చినది చపాతీ పీటలా పలక బాడీ, ఒకే కాయిల్ పికప్. 1954లో ఒంటికి ఒరుసుకోకుండా అంచులు చెక్కారు. 1957లో పికప్‌ని రెండు ముక్కలు చేశారు. ఒక ముక్క ఈ, ఏ స్ట్రింగ్స్ కింద, రెండోది డీ, జీ కింద. రెండింటి చుట్టు, అయస్కాంతాల దిశ ఒకదానికొకటి ఎదురు. దాంతో కరెంటు లైన్ల నుంచి వచ్చే గుర్రు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది, స్ట్రింగ్ శబ్దం మాత్రం మిగులుతుంది. ఒక వాల్యూమ్ నాబ్, ఒక టోన్ నాబ్. అంతే. ఆ డిజైన్ ఇప్పటికీ పెద్దగా మారలేదు.

అపోహ: జాజ్ బేస్ జాజ్‌కి మాత్రమే

పేరు పెట్టినవాళ్ల ఆశ అది. 1960లో వచ్చిన జాజ్ బేస్‌ని రాక్ వాళ్లు, ఫంక్ వాళ్లు ఎత్తుకుపోయారు. నట్ దగ్గర నెక్ (మెడ) వెడల్పు 38 మిల్లీమీటర్లు; అప్పటి ప్రెసిషన్‌కి 44 దాకా ఉండేది. ఎడమ చేతికి ఆ తేడా వెంటనే తెలుస్తుంది. పికప్‌లు రెండు, నెక్ వైపు ఒకటి, బ్రిడ్జి వైపు ఒకటి.

అపోహ: నా జాజ్ బేస్ గుర్రుమంటోంది, వైరింగ్ పోయింది

ఈ కంప్లయింట్‌తో వచ్చేవాళ్లలో సగం మంది దగ్గర నేను డబ్బులు తీసుకోను. రెండు వాల్యూమ్ నాబ్‌లూ పూర్తిగా తిప్పి చూపిస్తాను. గుర్రు ఆగిపోతుంది. ఒకటి తగ్గిస్తాను, మళ్లీ మొదలు. జాజ్ బేస్‌లో ఒక్కో పికప్ ఒంటరిగా ఉంటే ఇంట్లో ఉన్న 50 హెర్ట్జ్ కరెంటు గుర్రుని పట్టేస్తుంది. రెండూ సమానంగా ఉన్నప్పుడే అవి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. ఆ మోడల్ పుట్టుకే అంత, రిపేరు కాదు. స్ట్రింగ్స్ మీద చెయ్యి వేయగానే కొంచెం తగ్గే గుర్రు కూడా మామూలే. ముట్టుకుంటే చురుక్కుమంటే మాత్రం బేస్ పక్కన పెట్టి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. అది ఇంటి ఎర్తింగ్ సంగతి, దానితో ఆటలొద్దు.

అపోహ: 60ల జాజ్ బేస్, 70ల జాజ్ బేస్ మధ్య తేడా అంతా చెక్కదే

చెక్క తేడా ఉంది, కాదనను. కానీ 70ల్లో బ్రిడ్జి పికప్‌ని దాదాపు ఒక సెంటీమీటర్ బ్రిడ్జి వైపు జరిపారు. ఆ ఒక్క సెంటీమీటర్‌తో శబ్దం సన్నగా, కరుకుగా మారుతుంది. బొటనవేలితో కొట్టి వాయించే స్లాప్‌కి అది అతికినట్టు సరిపోయింది. అమెరికన్ బేస్ వాద్యకారుడు మార్కస్ మిల్లర్ చేతిలో ప్రసిద్ధి కెక్కినది 1977 జాజ్ బేసే.

చెక్క మాటకొస్తే, మొదటి ప్రెసిషన్ బాడీ యాష్ చెక్క. 1950ల మధ్య నుంచి ఎక్కువగా ఆల్డర్ వచ్చింది. 1959 దాకా నెక్ అంతా మేపుల్, ఆ తర్వాత ఫింగర్‌బోర్డ్‌కి రోజ్‌వుడ్. అయితే సాలిడ్ బాడీ బేస్‌లో స్కేలు, పికప్ చోటు, స్ట్రింగ్స్, చెయ్యి, వీటన్నిటి తర్వాతే బాడీ చెక్క వస్తుందన్నది బెంచి మీద నాకు తేలిన లెక్క. మంచి చెక్కతో అసలైన లాభం బరువు తగ్గడం. నాలుగు గంటల పెళ్లి ఆర్కెస్ట్రాలో నాలుగున్నర కేజీలు భుజానికి వేలాడితే టోన్ గురించి ఎవరూ మాట్లాడరు, నడుం గురించి మాట్లాడతారు.

అపోహ: కొత్త స్ట్రింగ్స్ వేస్తేనే మంచి శబ్దం

అసలు కథ ఇక్కడుంది.

డెట్రాయిట్‌లో మోటౌన్ కంపెనీ రికార్డుల వెనక బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్‌ది 1962 ప్రెసిషన్. దాని మీద మందమైన ఫ్లాట్‌వౌండ్ స్ట్రింగ్స్. అవి తెగితే తప్ప మార్చేవాడు కాదని ఆయన గురించి చెప్పుకుంటారు. కుడిచేతి చూపుడువేలు ఒక్కటే వాడేవాడు, ఆ వేలికి 'హుక్' అని పేరు. ఫ్లాట్‌వౌండ్ అంటే పైన చుట్టిన తీగ గుండ్రంగా కాకుండా రిబ్బన్‌లా చదునుగా ఉంటుంది. వేలు జరిపితే కీచుమనదు. మెరుపు తక్కువ, బరువు ఎక్కువ. శబ్దం తొందరగా అణిగిపోతుంది.

దీనికి తోడు, అప్పటి ఫెండర్ బేస్‌ల బ్రిడ్జి మీద క్రోమ్ మూత ఉండేది. యాష్‌ట్రే అని వెక్కిరించేవారు. చాలామంది పీకి పారేశారు. ఆ మూత లోపల ఒక స్పాంజి ముక్క అతికించి ఉండేది, స్ట్రింగ్స్‌ని నొక్కి పట్టడానికి. అంటే శబ్దం సాగకుండా ఆపడం కూడా డిజైన్‌లో భాగమే. మనవాళ్లు సస్టైన్, సస్టైన్ (స్వరం సాగాలి) అంటూ బరువైన బ్రిడ్జిలు కొంటారు. ఆ పాత శబ్దంలో మీకు నచ్చేది స్వరం మొదలయ్యే తీరు కాదు, ఆగిపోయే తీరు. ధుమ్ అని పడి, డ్రమ్స్‌కి చోటిచ్చి తప్పుకుంటుంది.

కోడంబాక్కం స్టూడియోల్లో రికార్డయిన ఇళయరాజా పాటలు ఫోన్‌లో పెట్టి "అన్నా, ఈ బేస్ కావాలి" అనేవాళ్లు నా దగ్గరికి కుప్పలు. ఆయన పాటల్లో బేస్ ఊరికే తాళం మోయదు, పాట కింద ఇంకో పాట పాడుతుంది. చెవి పెట్టి వినండి, ఎన్ని స్వరాలు మధ్యలోనే ఆగుతున్నాయో. ఆ ఆగడం వేళ్లలో ఉంది, కుడిచేతిలో ఎంతో ఎడమచేతిలో అంతకంటే ఎక్కువ.

ఇక మన నెల్లూరు కుర్రాడి సంగతి. ఫ్లాట్‌వౌండ్ సెట్ ఒకటి వేశాను. వాటికి లాగుడు ఎక్కువ కాబట్టి నెక్ కొంచెం ముందుకు వంగింది, ట్రస్ రాడ్ (నెక్ లోపల వంపు సరిచేసే ఇనుప కడ్డీ) కాస్త బిగించాను. గిన్నెలు తోముకునే కొత్త స్పాంజి నుంచి వేలెడు ముక్క కోసి బ్రిడ్జి దగ్గర స్ట్రింగ్స్ కింద దూర్చాను. టోన్ నాబ్ సగానికి తగ్గించాను. "ఇప్పుడు వాయించు, ఒక్క వేలితో" అన్నాను. నాలుగు స్వరాలు వాయించి ఆగిపోయాడు. లిస్టున్న ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

అయితే ఒక మాట. క్లాసిక్ అన్నదానికి ఇదొక్కటే ముఖం కాదు. ది హూ బ్యాండు జాన్ ఎంట్విజిల్ 60ల్లో రోటోసౌండ్ కంపెనీ రౌండ్‌వౌండ్‌లతో (గుండ్రటి తీగ చుట్టిన స్ట్రింగ్స్) పియానోలా గణగణలాడించాడు. అమెరికన్ బేస్ వాద్యకారుడు జాకో పాస్టోరియస్ ఫ్రెట్‌లు లేని జాజ్ బేస్ మీద కూడా రౌండ్‌వౌండ్‌లే వేసి, ఫింగర్‌బోర్డ్ అరగకుండా ఎపాక్సీ పూత పెట్టాడు. (ఫ్రెట్‌లెస్ ఒకసారి పట్టుకుని చూడమని కర్ణాటక సంగీతం నేర్చుకున్న ప్రతివాళ్లకీ చెప్తుంటాను. గమకం పలికించడానికి అడ్డేమీ ఉండదు.) బీటిల్స్ పాల్ మెకార్ట్నీ 1961లో హాంబర్గ్‌లో వయొలిన్ ఆకారపు హాఫ్నర్ బేస్ కొన్నది చౌకగా దొరికిందని, రెండు వైపులా ఒకేలా ఉండటం వల్ల ఎడమచేతి వాటానికి తిప్పినా ఎబ్బెట్టుగా కనిపించదని. లోపల బోలు, స్కేలు 30 అంగుళాలు. అదీ క్లాసిక్కే.

అపోహ: ఆయిల్ కెపాసిటర్ వేస్తే పాత టోన్ వస్తుంది

విలువ ముఖ్యం, ఒంటి మీద చొక్కా కాదు. జాజ్ బేస్‌కి మామూలుగా 0.047 మైక్రోఫారడ్, 250 కిలో ఓమ్‌ల పాట్ (నాబ్ కింద తిరిగే భాగం). ఎలక్ట్రానిక్స్ సామాన్లమ్మే రిచ్చి స్ట్రీట్‌లో చిల్లర డబ్బులకి దొరుకుతుంది. టోన్ నాబ్ పూర్తిగా తెరిచి వాయిస్తే దాని ప్రభావం ఎలాగూ నామమాత్రమే.

అపోహ: యాక్టివ్ బేస్ పాసివ్ కంటే మేలు

యాక్టివ్ అంటే లోపల చిన్న ప్రీఆంప్ (శబ్దాన్ని పెంచే సర్క్యూట్), దానికి 9 వోల్టుల బ్యాటరీ. పాసివ్‌లో అవి ఉండవు. 1976లో వచ్చిన మ్యూజిక్ మ్యాన్ స్టింగ్‌రే వల్ల ఈ పద్ధతి బాగా వ్యాపించింది. దీనికీ లియో ఫెండర్ చెయ్యి ఉంది. టోన్ పెంచుకోవచ్చు, పొడుగు కేబుల్‌తో మెరుపు చావదు. అదొక రుచి, ఇదొక రుచి.

గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే. వీటిలో చాలావాటికి కేబుల్ గుచ్చి ఉంచితే బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. పోయిన మాఘమాసంలో టి.నగర్ కల్యాణ మండపం నుంచి ఒకాయన సాయంత్రం ఆరింటికి ఆటోలో పరుగెత్తుకొచ్చాడు, బేస్ చచ్చిపోయిందని చెమటలు కక్కుతూ. రాత్రంతా కేబుల్ తీయలేదు. పక్క కిరాణా కొట్లో బ్యాటరీ కొని వేశాను. పెళ్లికొడుకు గుర్రం దిగేలోపే తిరిగి వెళ్లిపోయాడు.

అపోహ: స్ట్రింగ్స్ ఎత్తుగా ఉంటే ట్రస్ రాడ్ బిగించాలి

దయచేసి ఇంట్లో ఈ పని చెయ్యకండి. ట్రస్ రాడ్ నెక్ వంపు కోసం. ఎత్తు సరిచేసేది బ్రిడ్జి శాడిల్స్ (ఒక్కో స్ట్రింగ్ ఆనే చిన్న ముక్కలు) దగ్గర. చెన్నై గాలిలో తేమ, దానికి తోడు రాత్రంతా ఏసీ, పొద్దున ఆపేయడం. నెక్ కదలక చస్తుందా? ఇలా చూసుకోండి: మొదటి ఫ్రెట్ దగ్గర, చివరి ఫ్రెట్ దగ్గర స్ట్రింగ్ నొక్కి పట్టండి. ఏడో ఫ్రెట్ మీద స్ట్రింగ్‌కీ ఫ్రెట్‌కీ మధ్య ఒక విజిటింగ్ కార్డు మందం సందు ఉండాలి, అంటే 0.3 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. అంతకంటే బాగా ఎక్కువైనా, అసలు లేకపోయినా మీకు తెలిసిన రిపేరు మనిషి దగ్గరికి పట్టుకెళ్లండి. బీసెంట్ నగర్ లాంటి సముద్రం పక్క ఇళ్లలో అయితే వాయించాక స్ట్రింగ్స్ గుడ్డతో తుడవండి, ఉప్పుగాలికి తుప్పు ఎంతోసేపు పట్టదు.

అపోహ: యూట్యూబ్‌లో వింటే టోన్ తేలిపోతుంది

హెడ్‌ఫోన్స్‌లో వింటే కొంత తేలుతుంది. ఫోన్ స్పీకర్‌లో తేలదు. బేస్ ఈ స్ట్రింగ్ 41 హెర్ట్జ్, పైన జీ స్ట్రింగ్ 98. ఫోన్‌లోని ఆ చిట్టి స్పీకర్‌కి అంత కింద గొంతే లేదు. పై శబ్దాలు విని కింది స్వరాన్ని మన మెదడే ఊహించుకుంటుంది. దాన్ని నమ్మి పికప్‌లు కొనేవాళ్లున్నారు.

నెల్లూరు కుర్రాడు మూడు వారాలకి మళ్లీ వచ్చాడు. ఇద్దరు గిటారిస్టులు, గట్టిగా బాదే డ్రమ్మర్ మధ్య ఫ్లాట్‌వౌండ్ వినపడటం లేదట. అతని పాత రౌండ్‌వౌండ్‌లు చుట్టి కవర్లో పెట్టి అప్పుడే ఇచ్చేశాను. అవే మళ్లీ ఎక్కించాను, నెక్ సరిచేశాను. స్పాంజి ముక్క తీసి చెత్తబుట్టలో వేయబోతే చెయ్యి పట్టుకున్నాడు.

"అది ఉండనీ అన్నా. సగం కోసి ఈ, ఏ స్ట్రింగ్స్‌కే పెట్టు."