చుక్క ఆరాలంటే గాలి కూడా ఒప్పుకోవాలి

పిల్లలూ,

మొన్న ఫోన్‌లో అడిగారు కదా, శానిటైజర్ చుక్క బల్ల మీద పడితే సగం ఇట్టే ఆరిపోయి మిగతాది ఎందుకు అంతసేపు తడిగా ఉండిపోతుంది అని, ఇది ఫోన్‌లో తేలే విషయం కాదు అందుకే రాస్తున్నా.

అందులో ఉన్నది ఒక్క ద్రవం కాదమ్మా. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన ఒక ఫార్ములా చూస్తే ఇథనాల్ 80 శాతం, గ్లిజరిన్ 1.45 శాతం, చిటికెడు హైడ్రోజన్ పెరాక్సైడ్, మిగతాదంతా నీళ్ళు. ఇథనాల్ 78 డిగ్రీలకే మరుగుతుంది, నీళ్ళు 100కి, గ్లిజరిన్‌కి 290 కావాలి. మరగకుండా మామూలుగా ఆరిపోయేటప్పుడు కూడా దాదాపు ఇదే వరస. చివర్లో వేళ్ళకి జిగురుగా తగిలేది గ్లిజరినే, అది ఎక్కడికీ పోదు. అంటే చుక్క చిన్నదవడమే కాదు, ఆరేకొద్దీ వేరే ద్రవం అయిపోతుంది.

ఇంతవరకూ మీ సైన్స్ టీచర్ కూడా చెప్తారు, నాకు బాగా నచ్చే ముక్క దీని తర్వాతే ఉంది. ఏది ఎంత తొందరగా పోతుందో చుక్క ఒక్కటే తేల్చదు, బయట గాలి కూడా తేలుస్తుంది. మన వైజాగ్ గాల్లో ఇప్పటికే బోల్డంత నీటి ఆవిరి ఉంది కాబట్టి చుక్కలోంచి నీళ్ళు ఎంత బయటికెళ్తాయో అందులో చాలావరకు మళ్ళీ వెనక్కి వచ్చేస్తాయి, ఆల్కహాల్ ఆవిరి మాత్రం గాల్లో లేదు గనక దానికి అడ్డే లేదు. పైగా అది పోతూ పోతూ చుక్కని చల్లబరుస్తుంది, అప్పుడు ఆ చల్లదనానికి గాల్లో తేమ వచ్చి చుక్కలోనే చేరుతుంది, ఆరుతున్న చుక్కలోకి కొత్తగా నీళ్ళు వస్తున్నాయన్నమాట!

ఆర్కే బీచ్‌లో కళ్ళజోడు మీద పడ్డ తుంపర ఎంతకీ ఆరదు చూడండి, అదీ ఇదే లెక్క. సముద్రపు నీళ్ళలో కిలోకి 35 గ్రాముల దాకా ఉప్పులు ఉంటాయి, నీళ్ళు పోయేకొద్దీ ఉప్పు చిక్కబడి మిగిలిన నీటిని వదలదు. గాల్లో తేమ 75 శాతం దాటిందంటే మామూలు ఉప్పు ఎండదు సరికదా ఎండిందీ కరిగిపోతుంది, వానాకాలంలో ఉప్పు డబ్బా చెమ్మగిల్లేది అందుకే. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటుంది, దానికైతే 33 శాతం తేమ చాలు.

ఇంకోటి. మన మీరట్‌లో పుట్టిన శాస్త్రవేత్త మను ప్రకాశ్, ఆయన దగ్గర పనిచేసిన నేట్ సీరా, ఇంకొకాయన కలిసి 2015లో నేచర్ అనే సైన్స్ పత్రికలో ఒక పేపర్ వేశారు. శుభ్రమైన గాజు మీద ఫుడ్ కలర్ చుక్కలు పక్కపక్కన పెడితే వాటంతట అవే ఒకదాని వైపు ఒకటి నడుస్తాయి! ఆ రంగులో నీళ్ళతో పాటు ప్రొపిలీన్ గ్లైకాల్ అని, నీళ్ళకంటే చాలా నెమ్మదిగా ఆరే ద్రవం ఒకటి ఉంటుంది. పక్క చుక్క నుంచి వచ్చే ఆవిరి వల్ల ఆ వైపు గాలి తేమగా ఉంటుంది, అటు అంచులో నీళ్ళు తక్కువ ఆరతాయి, నీళ్ళు ఎక్కువున్న చోట తలతన్యత, అంటే ద్రవం పైపొరలో ఉండే బిగువు, ఎక్కువ, దాంతో చుక్క మొత్తం అటు లాగబడుతుంది. ఒకదాన్ని ఒకటి ముట్టుకోకుండానే, మధ్యలో గాలి తప్ప ఏమీ లేకుండానే. నేనైతే దీని వీడియో ఎన్నిసార్లయినా చూస్తా.

మీరూ చెయ్యొచ్చు. సీసా మీద ప్రొపిలీన్ గ్లైకాల్ అని రాసుందో లేదో చూసుకోండి, పొడి రంగు పనికిరాదు. గాజు ముక్క అంచులు కోసుకుంటాయి, అమ్మని పక్కన ఉండమనండి. సబ్బుతో బాగా తోమి కడిగి, జిడ్డు వేళ్ళతో ముట్టుకోకుండా ఆరనిచ్చి, చిన్న చిన్న చుక్కలు కొన్ని మిల్లీమీటర్ల దూరంలో పెట్టండి. ఫ్యాన్ మాత్రం ఆపెయ్యండి, లేకపోతే ఆవిరి కాస్తా కొట్టుకుపోయి చుక్కలు కదలవు.

మీ తాతయ్య,
ఎంవీపీ కాలనీ, వైజాగ్