బదనిక: అపోహలు - వాస్తవాలు

బెంగళూరులో అపార్ట్‌మెంట్ల చెట్లు కత్తిరించడం నా పని. మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు మన తెలుగువాళ్లు పిలిస్తే వెళ్లగానే వినపడే మొదటి మాట, "అన్నా, ఆ బదనిక పారేయకు, మాకివ్వు, బీరువాలో పెట్టుకుంటాం." బదనిక అంటే చెట్ల కొమ్మల మీద మొలిచి వాటి నుంచే నీళ్లు లాగే మొక్క, ఇంట్లో ఉంటే కలిసొస్తుందని నమ్మకం. పెట్టుకోండి, నాకేం నష్టం. కానీ దాని పువ్వు ఎప్పుడైనా చూశారా?

అపోహ: పూలు గాలికో తేనెటీగలకో కాయలవుతాయి.

వాస్తవం: ఇక్కడ మామిడి, కానుగ, సపోటా మీద ఎక్కువగా కనిపించే బదనికకు పొడవాటి గొట్టం లాంటి పూలు, నారింజ ఎరుపు, కొన లేత ఆకుపచ్చ. మొగ్గ ముదిరినా మామూలుగా తనంతట తాను విచ్చుకోదు, తేనెపిట్ట వచ్చి ముక్కుతో కొన నొక్కాలి, అప్పుడు టప్పున పగిలి పుప్పొడి పిట్ట తల మీద చిమ్ముతుంది, అది అలాగే ఇంకో పువ్వు దగ్గరికి వెళ్తుంది. పక్షి శాస్త్రవేత్త సలీం అలీ కొంకణ్‌లో ఇదంతా గమనించి 1931లోనే రాశారు.

అపోహ: ఏ పక్షి రెట్ట వేసినా బదనిక మొలుస్తుంది.

వాస్తవం: కాకి, పావురం మీద నింద వేయకండి. మన ఊళ్లలో ఈ పని ఎక్కువగా చేసేది ఫ్లవర్‌పెకర్ అనే బుల్లి పిట్ట, బొటనవేలంత, తల ఎత్తి చూసేలోపే ఎగిరిపోతుంది. పండు మింగిన కొన్ని నిమిషాల్లోనే గింజ బయటికొస్తుంది, దాని చుట్టూ బంక తీగలా సాగుతుంటుంది కాబట్టి ఊరికే రాలదు, పిట్ట వెనకభాగాన్ని కొమ్మకేసి రుద్ది వదిలించుకోవాల్సి వస్తుంది. అలా రుద్దిన చోటే నాటినట్టు. పండ్లు తిన్న చెట్టు మీదే అది మళ్లీ కూర్చుంటుంది, అందుకే ఒక చెట్టు నిండా బదనికలుంటే పక్క చెట్టు శుభ్రంగా ఉంటుంది. గింజకు పైతొక్క ఉండదు, మట్టి అక్కర్లేదు, కేబుల్ వైరు మీద కూడా మొలక వస్తుంది, కాకపోతే అక్కడ తాగడానికి ఏమీ లేక ఎండిపోతుంది.

అపోహ: రక్తం పీల్చినట్టు పీల్చి చెట్టును చంపేస్తుంది.

వాస్తవం: ఆకులు పచ్చగా ఉన్నాయి కదా, చాలావరకు తన తిండి తానే వండుకుంటుంది. కొమ్మ నుంచి లాగేది ముఖ్యంగా నీళ్లు, లవణాలు. మనం నెత్తిన పెట్టుకునే గంధం చెట్టు కూడా నేల కింద పక్క చెట్ల వేళ్ల నుంచి ఇదే పని చేస్తుంది, దాన్ని ఎవరూ తిట్టరు. ఒకటి రెండు బదనికలకు టెన్షన్ అక్కర్లేదు, గుంపులైతే మాత్రం కొమ్మ చివరలు ఎండుతాయి.

అపోహ: ఆకులు తెంపేస్తే పోతుంది.

వాస్తవం: పోదు. అంటుకున్న బుడిపె కొమ్మలోనే ఉంటుంది, పైగా బెరడు వెంబడి పాకే వేళ్లు ఇంకోచోట అతుక్కుని మళ్లీ చిగురిస్తాయి. బుడిపెకు బాగా కిందికి, చెట్టు మాను వైపు, కొమ్మనే కోయాలి, అదీ పండ్లు పండకముందే, లేకపోతే ఆ పిట్ట నాకంటే ముందే పని ముగించేస్తుంది. అన్నీ కోయించకండి, జెజెబెల్ సీతాకోకచిలుక గొంగళ్లు ఈ ఆకులే తింటాయి, ఒకటో రెండో నేను వదిలేస్తాను.

ఇక బీరువా సంగతి. పండ్లున్న కొమ్మ మాత్రం లోపల పెట్టకండి, ఆ బంక పట్టుచీరకు అంటితే ఇంట్లో నా పేరు చెప్పొద్దు.