పెయింట్ ఊడిపోతే ముందు గోడని అనుమానించండి, డబ్బాని కాదు

పెయింటింగ్ పని కోసం ఫోన్ చేసేవాళ్లు అందరికంటే ఎక్కువగా అడిగేది ఒకటే, "వేయించి ఏడాది కూడా కాలేదండీ, పొరలు లేచిపోతోంది, ఈసారి ఏ కంపెనీది వేస్తే ఆగుద్ది?" అని. కంపెనీ మారిస్తే ఆగదండీ.

అపోహ: ఖరీదైన పెయింట్ వేస్తే చెమ్మ పోతుంది.

వాస్తవం: పోదు, పైగా ఒక్కోసారి ఎక్కువవుద్ది. చెమ్మ అనేది చాలాసార్లు గోడ వెనకాల నుంచి వచ్చేది, పైన స్లాబ్ పగులో, గోడలో పైపు జాయింటో, పునాది నుంచి ఎగబాకే నీళ్లో. ఆ నీళ్లతో పాటు ప్లాస్టరింగ్‌లో ఉన్న లవణాలు కూడా పైకొస్తాయి, నీళ్లు ఆరిపోయాక తెల్లగా బూజులా మిగిలేది అదే, అది లోపల్నుంచి నెట్టి నెట్టి పెయింట్‌ని లేపేస్తుంది. సున్నం వేసిన గోడకైతే ఆవిరి బయటికి పోయే దారి ఉండేది, ఇప్పటి వాషబుల్ పెయింట్ పొర బిగుతుగా ఉంటుంది, దారి లేక బుడగలొస్తాయి. బయట గోడకి వాటర్‌ప్రూఫ్ పెయింట్ వేస్తే వానని ఆపుద్ది, నిజమే, కానీ లోపల పైపు కారుతుంటే గదిలో ఏది పూసినా దండగే.

ఒకావిడ హాల్లో ఒకటే గోడకి మళ్లీ మళ్లీ వేయిస్తూనే ఉన్నారు, ప్రతి పెయింటర్‌నీ దొంగ అనుకున్నారు, పాపం డబ్బులు పోయిన బాధ. గోడకి అవతల బాత్రూం. ప్లంబర్‌ని పిలిపించి చూస్తే షవర్ లైన్ జాయింట్ దగ్గర సన్నగా కారుతోంది. అది బాగుచేయించి గోడ పూర్తిగా ఆరేదాకా ఆగండి అంటే "పని ఇస్తానంటే వద్దంటావేంటి బాబూ" అని నా మీదే అనుమానం! ఆరాక గీకించి వేశాం, ఇప్పటిదాకా ఫోన్ రాలేదు.

మీకు డౌటుంటే ఒక పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ షీట్ ముక్క గోడకి నాలుగువైపులా టేప్ వేసి ఒక రోజు వదిలేయండి. షీట్ లోపలివైపు చుక్కలు పడితే గోడలో తేమ ఉన్నట్టు, బయటివైపు పడితే అది గది గాలిలోది. ఎవరేం చెప్పినా వినేకంటే ఇది నయం.

కొత్త ఇంటికీ ఇదే గొడవ. ప్లాస్టరింగ్ అయిన వారానికే రంగులెయ్యమంటారు. సిమెంట్‌కి కనీసం 28 రోజులు వదలాలి, ఇంకా పచ్చిగా ఉంటే అంతకన్నా ఎక్కువ, పచ్చి సిమెంట్‌లోని క్షారం రంగుని కూడా తినేస్తుంది.

అపోహ: రేటు తక్కువ చెప్పినవాడు లాభం తగ్గించుకున్నాడు.

వాస్తవం: అందరూ కాదు గానీ చాలామంది తగ్గించేది పనిని. గీకుడు, పుట్టీ (గుంతలు నింపే పిండి), సాండింగ్ (గరుకు కాగితంతో రుద్దడం), ప్రైమర్ (రంగు కింద వేసే మొదటి పూత) ఇవి తర్వాత కనపడవు కదా. అందుకే కొటేషన్‌లో ఏది ఎన్నిసార్లు పూస్తారో రాయించుకోండి, కొలత గోడల విస్తీర్ణం మీదా ఫ్లోర్ విస్తీర్ణం మీదా, అందులోంచి తలుపులు కిటికీల కొలత తీసేస్తారా అనేది కూడా. డబ్బా సీల్ మీ ముందే తీయమనండి, నీళ్లు ఎంత కలపాలో డబ్బా మీదే ఉంటుంది. నిజాయితీగా చేసేవాడికి ఇవి అడిగితే కోపం రాదు.

మిగతావి గబగబా. రోలరా బ్రష్షా అని వాదన అనవసరం, రెండూ కావాలి. ఒక్క పూత చాలదు. షేడ్ కార్డులో ముక్క చూసి ఫిక్స్ అవ్వొద్దు, గోడ మీద కొంచెం వేయించి పగలోసారి రాత్రి లైట్లోసారి చూడండి. మెరిసే ఫినిష్‌లో ఎగుడుదిగుళ్లు ఇంకా బాగా కనపడతాయి.

వాసన రాకపోతే ప్రమాదం లేదనుకోవడం మాత్రం తప్పు. బాగా పాత ఇళ్లలో తలుపులకీ గ్రిల్స్‌కీ వేసిన ఎనామిల్ (ఆయిల్ పెయింట్)లో వాసన తెలియని సీసం ఉండొచ్చు, దాన్ని పొడిగా రుద్దితే ఆ దుమ్ము పిల్లలకీ గర్భిణులకీ మంచిది కాదు. తడిపి రుద్దమనండి, ఆ రోజు పిల్లల్నీ గర్భిణుల్నీ ఇంట్లో ఉంచకండి.

పనయ్యాక కొంచెం పెయింట్ గట్టిగా మూతపెట్టి దాచుకోండి, డబ్బా మీదున్న షేడ్ కోడ్ ఫోటో తీసుకోండి. టచప్‌కి నన్ను పిలిచినా నేను మొదట అడిగేది అదే.