నీరో వేషం కట్టిన మనిషి

చిరంజీవులైన పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

రోము తగలబడుతుంటే నీరో చక్రవర్తి ఫిడేలు వాయించాడని పెద్దవాళ్లు అంటుంటారు కదా, అది నిజమేనా అని అడిగారు. ఆ కాలానికి ఫిడేలు పుట్టనే లేదు. క్రీ.శ. 64 జులైలో మంటలు లేచినప్పుడు నీరో నగరంలో లేడనీ, సముద్రతీరాన ఆంటియంలో ఉన్నాడనీ, తిరిగి వచ్చి నిలువనీడ లేనివారికి తన తోటలు తెరిపించాడనీ టాసిటస్ అనే చరిత్రకారుడు రాశాడు. అయినా ఊరు కాలుతుంటే పాట పాడాడన్న పుకారు ఆగలేదు. ఆ అపవాదును తుడిచేసుకోవడానికే అతడు నేరాన్ని క్రైస్తవుల మీదికి నెట్టి, వారిని ఘోరంగా చంపించాడని కూడా టాసిటస్ రాశాడు.

ఆ కథను 1951లో వచ్చిన ‘క్వో వాడిస్’ చిత్రంలో చూడవచ్చు. మెర్విన్ లెరాయ్ దర్శకత్వంలో రోములోని చినెచిత్తా స్టూడియోలో తీసిన ఆ చిత్రంలో నీరో వేషం పీటర్ ఉస్తినోవ్‌ది. ఆయన 1921లో లండన్‌లో పుట్టాడు. ఈ పాత్రకు వయసు చాలదేమోనని నిర్మాతలు సందేహిస్తే, ఇంకొంత ఆలస్యం చేస్తే తన వయసే ఎక్కువైపోతుందని ఆయన కబురు పంపాడట. నీరో తన 31వ ఏటనే చనిపోయాడు మరి.

మా చిన్నప్పుడు ఊళ్లో ప్రహ్లాద నాటకం ఆడేవారు. హిరణ్యకశిపుడి వేషగాడు గద ఎత్తి గర్జిస్తే మేము అమ్మ కొంగు చాటున దాక్కునేవాళ్లం; కానీ అతడు గొంతు తగ్గించి, నన్నెందుకు పూజించవు నాయనా అని కొడుకును బతిమాలే ఘట్టంలోనే నాకు నిజంగా వణుకు పుట్టేది. ఉస్తినోవ్ నీరో కూడా అంతే. లోకమంతా తనను మెచ్చుకోవాలని అతడి తపన. అక్కడ ప్రహ్లాదుడిని ఏనుగుల చేత తొక్కించబోతే, ఇక్కడ లిజియా అనే అమ్మాయిని ఎద్దు ముందుకు తోయిస్తాడు. అక్కడ స్తంభంలోంచి నరసింహుడు వస్తే, ఇక్కడ ఉర్సస్ అనే సేవకుడు వట్టి చేతులతో ఎద్దు మెడ విరుస్తాడు. పొగడ్త కోసం పడిచచ్చేవాడి చేతికి అధికారం ఇవ్వకూడదు, పిల్లలూ. మీ తరగతి నాయకుణ్ణి ఎన్నుకునేటప్పుడు కూడా ఇది గుర్తుంచుకోండి.

ఉస్తినోవ్ తరువాత ‘స్పార్టకస్’, ‘టాప్‌కాపీ’ చిత్రాలకు రెండు ఆస్కార్లు అందుకున్నాడు; 1962లో ‘బిల్లీ బడ్’కు దర్శకత్వం వహిస్తూ అందులో తానే నౌక కెప్టెన్‌గా నటించాడు. యునిసెఫ్ తరఫున దశాబ్దాల పాటు దేశదేశాల పిల్లల కోసం తిరిగాడు. 1984 అక్టోబర్ 31 ఉదయం ఢిల్లీలో ఇందిరాగాంధీ హత్యకు గురైనప్పుడు, ఆమె మాట్లాడడానికి బయలుదేరింది ఆయనతోనే. ఆయన అక్కడి తోటలో ఎదురుచూస్తున్నాడు.

అంత మెత్తని మనిషి అంతటి క్రూరుణ్ణి తనలో ఎలా చూపగలిగాడో నేను మీకు వివరించలేను. మీరే చూడండి. తన ఆస్థానంలోని పెట్రోనియస్ చనిపోయాడని తెలిసి, తన కన్నీళ్లు పట్టుకోవడానికి నీరో చిన్న గాజు పాత్ర తెమ్మనే ఘట్టం ఒకటుంది. అప్పుడు ఆ పాత్ర వైపు చూడకండి, అతడి ముఖం వైపే చూడండి. అది నిజమైన దుఃఖమో కాదో నాకు రాసి పంపండి.

మీ తాతయ్య