శొంఠి బిస్కెట్టులో నీటిని పట్టి ఉంచేదేమిటి?

క్రిస్మస్ దగ్గరపడితే బరంపురం, పర్లాకిమిడి వైపు తెలుగిళ్లలో ఓవెన్ ముందు నిలబడేవారిది ఒకటే ప్రశ్న: అచ్చుతో కోసిన జింజర్‌బ్రెడ్ (శొంఠి బిస్కెట్టు) బొమ్మ మర్నాటికే ఎందుకు బిగుసుకుపోతోంది? వెన్న చాలలేదనుకుని పెంచుతారు. దాంతో బొమ్మ కాళ్లూ చేతులూ పళ్లెమంతా పరుచుకుంటాయి, మెత్తదనం మాత్రం రాదు. ఆ గుణం చక్కెరలది.

మామూలు చక్కెర సుక్రోజు. బిస్కెట్టు చల్లారేటప్పుడు అది మళ్లీ స్ఫటికాలై కరకరలాడుతుంది. పులుపు చేర్చి వేడి చేస్తే సుక్రోజు గ్లూకోజు, ఫ్రక్టోజులుగా విడిపోతుంది. ఆ మిశ్రమమే ఇన్‌వర్ట్ షుగర్. ఫ్రక్టోజు నీటిని వదలదు సరికదా, గాలిలో తేమ సుమారు 60 శాతం దాటితే అక్కడి నుంచీ లాక్కుంటుంది. సుక్రోజు అలా లాక్కోవాలంటే తేమ 85 శాతం దాకా పోవాలి. పాశ్చాత్యుల వంటలో ఈ పని మొలాసిస్ (చక్కెర తయారీలో మిగిలే నల్లటి పాకం) చేస్తుంది, మనకు నల్లబెల్లం చేస్తుంది. వానాకాలంలో చెమ్మగిల్లిన బెల్లాన్ని కల్తీ సరుకని పారేసేవాళ్లున్నారు. అది కల్తీ కానక్కర్లేదు, అందులోని ఇన్‌వర్ట్ షుగర్ పని! ఇంటర్‌లో సుక్రోజు విడిపోయే ఈ చర్యను ధ్రువణ కాంతి తిరిగే దిశతో చెప్పి వదిలేస్తారు. బెల్లం ముక్క చేతికిచ్చి చెబితే ఏ పిల్లా మరిచిపోదు.

బెల్లం వండేటప్పుడు చెరకురసం పులుపు విరగడానికి సున్నం వేస్తారు. అందుకే మనం పులుపు తిరిగి చేర్చాలి. 180 గ్రాముల బెల్లం, 3 పెద్ద చెంచాల నీళ్లు, చెంచాడు నిమ్మరసం సన్నమంట మీద 5 నిమిషాలు మరిగించి వడకట్టండి. తీగపాకం రానివ్వొద్దు, నీరు అప్పుడే పోయినట్టు. గోరువెచ్చగా అయ్యాక 90 గ్రాముల వెన్న, ఒక గుడ్డు కలపండి. వేడి మీద వేస్తే గుడ్డు ఉడికి పలుకులవుతుంది. ఆపైన 350 గ్రాముల మైదా, ముప్పావు చెంచా వంటసోడా, 2 చెంచాల శొంఠిపొడి, చెంచా దాల్చినచెక్క పొడి, పావు చెంచా లవంగాల పొడి, చిటికెడు ఉప్పు. పచ్చి అల్లం వద్దు. అల్లం ఎండేటప్పుడు అందులోని ఘాటు పదార్థం జింజెరాల్ కొంత షోగాల్‌గా మారుతుంది, దాని ఘాటే ఎక్కువ.

ముద్ద కాగానే పిసకడం ఆపండి. మైదాలోని సాగే ప్రోటీన్ గ్లూటెన్ బలపడితే కోసిన బొమ్మ ముడుచుకుంటుంది. వెన్న గట్టిపడేలా 2 గంటలు ఫ్రిజ్‌లో పెట్టి, 6 మిల్లీమీటర్ల మందంగా ఒత్తి కోసి, 175 డిగ్రీల్లో 8 నుంచి 10 నిమిషాలు కాల్చండి. అంచు గట్టిపడి, నడుమ వేలికి మెత్తగా తగులుతుండగానే తీసెయ్యాలి. పచ్చిగా ఉందని ఇంకో 3 నిమిషాలు ఉంచితే ఎంత మంచి పాకమూ కాపాడలేదు.

పైన వేసే ఐసింగ్‌కు కావలసింది దీనికి పూర్తిగా తలకిందులు: నీరు పోవాలి, సుక్రోజు స్ఫటికం కావాలి. ఒక తెల్లసొనకు 200 గ్రాముల ఐసింగ్ షుగర్, నాలుగు చుక్కల నిమ్మరసం వేసి గిలక్కొట్టండి. పచ్చి సొనలో జబ్బు చేసే సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉండొచ్చు కాబట్టి పాశ్చరైజ్ చేసిన సొన పొడి మేలు. గీతలకు చిక్కగా ఉంచి, లోపల నింపడానికి చుక్కచుక్కగా నీళ్లు కలపండి. చెంచాతో గీసిన గాడి 10, 15 సెకన్లలో పూడుకుపోతే సరైన జారు. బొమ్మ వెచ్చగా ఉండగా పూస్తే వెన్న పైకి ఊరి పసుపు మచ్చలు పడతాయి. గోపాల్‌పూర్ సముద్రపు గాలి తగిలే బరంపురంలో ఐసింగ్ త్వరగా ఆరదు, ఫ్యాను కింద రాత్రంతా ఉంచండి. తెలుపు ఆరకముందే పక్కన ఎరుపు పూస్తే రంగు పాకుతుంది. పైపొర గోటికి గట్టిగా తగిలాకే డబ్బాలో మూత పెట్టాలి.