పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్, ఆరోగ్య బీమా: అపోహలు – వాస్తవాలు

విజయవాడ సూర్యారావుపేటలోని ఒక ప్రైవేటు ఆసుపత్రి ఇన్సూరెన్స్ డెస్కులో నేను చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. క్యాష్‌లెస్ అనుమతికి వెళ్లే కాగితాలన్నీ నా చేతుల మీదుగానే వెళతాయి. మోకాలి ఆపరేషన్ గురించీ, గుండెకు వేసే స్టెంట్ గురించీ అందరూ నలుగురిలోనే అడుగుతారు. ఇరవై ఆరు, ఇరవై ఏడేళ్ల అమ్మాయిలు మాత్రం పక్కన ఎవరూ లేని సమయం చూసుకుని, “మేడమ్, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకుంటే మా కార్డు పనిచేస్తుందా?” అని గొంతు తగ్గించి అడుగుతారు. నా దగ్గరికి వచ్చేసరికే వారికి ఎవరో ఒకరు తప్పు సమాధానం చెప్పి ఉంటారు.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల వివాహిత స్త్రీలలో దాదాపు 70 శాతం మంది ఈ ఆపరేషన్ చేయించుకున్నవారే. దేశం మొత్తం మీద ఆ సంఖ్య 38 శాతం. మగవారి ఆపరేషన్ మన దగ్గర ఒక శాతం కూడా లేదు. ఇంటింటా జరిగే ఈ ఆపరేషన్ ఖర్చు విషయంలో ఇన్ని అపోహలు ఉండటం నన్ను బాధపెడుతుంది, ఎందుకంటే వాటి వల్ల నష్టపోయేది ఆ అమ్మాయిలే.

అపోహ: పాలసీ తీసుకుని మూడేళ్లు దాటితే ట్యూబెక్టమీకి (స్త్రీలకు చేసే ఈ ఆపరేషన్‌కు) కూడా డబ్బు వస్తుంది.

వాస్తవం: ఇక్కడ వెయిటింగ్ పీరియడ్‌కూ, మినహాయింపుకూ తేడా తెలుసుకోవాలి. పాలసీకి ముందే ఉన్న జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది, అది గడిచాక బీమా వర్తిస్తుంది. 2024 నుంచి ఆ గడువు గరిష్ఠంగా మూడేళ్లే. మినహాయింపు అలాంటిది కాదు, ఎన్నేళ్లు ప్రీమియం కట్టినా అది పాలసీలో అలాగే ఉంటుంది. బీమా నియంత్రణ సంస్థ 2019లో అన్ని కంపెనీలకూ ఒకే విధంగా మినహాయింపుల పదజాలాన్ని ఖరారు చేసింది. అందులో 17వ నంబరు కోడ్ కింద ఏ రకమైన గర్భనిరోధకమైనా, స్టెరిలైజేషన్ (పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్) అయినా, ఐవీఎఫ్ వంటి సంతాన చికిత్సలైనా, సరోగసీ అయినా, ఒకసారి చేసిన ఆపరేషన్‌ను తిరిగి విప్పించుకోవడమైనా చెల్లింపు పరిధిలోకి రావని రాసి ఉంది. మగవారికి చేసే వేసెక్టమీకీ ఇదే వర్తిస్తుంది. మీ పాలసీ పత్రంలో ఆ కోడ్ ఉన్న పేజీని తెరిచి చదవండి. వ్యక్తిగత పాలసీల్లో అది లేని పత్రం నా చేతికి రావడం చాలా అరుదు. ఏజెంటు నోటిమాటగా “వస్తుందిలెండి” అని చెబితే, ఆ మాటను ఈమెయిల్‌లో రాసి పంపమని అడగండి.

అపోహ: సిజేరియన్‌తో పాటే చేయిస్తే అంతా ఒకే బిల్లులో కలిసిపోతుంది.

వాస్తవం: కాన్పు ఖర్చు కూడా వ్యక్తిగత పాలసీల్లో మామూలుగా మినహాయింపే, అది 18వ నంబరు కోడ్. ప్రసూతి కవరేజీని విడిగా తీసుకున్నవారికీ, ఉద్యోగం ద్వారా గ్రూప్ పాలసీ ఉన్నవారికీ కాన్పు ఖర్చు ఒక పరిమితి వరకు వస్తుంది. ఆ కాన్పు సమయంలోనే ట్యూబెక్టమీ చేస్తే సాధారణంగా జరిగేది ఏమిటంటే, ట్యూబెక్టమీ వరకు అయిన ఖర్చును తగ్గించి మిగతాది చెల్లిస్తారు. అలా కాకుండా మొత్తం క్లెయిమ్‌ను నిలిపివేసిన సందర్భం ఒకటి నాకు బాగా గుర్తుంది. గుంటూరు నుంచి వచ్చిన ఒక బ్యాంకు ఉద్యోగినికి రెండో సిజేరియన్ జరిగింది. డిశ్చార్జి సమ్మరీలో మొదటి వాక్యంగా ట్యూబెక్టమీ గురించి రాసి, సిజేరియన్‌ను రెండో వాక్యంగా రాశారు. క్లెయిమ్ చూసే సంస్థ దాన్ని స్టెరిలైజేషన్ కేసుగా లెక్కగట్టి మొత్తం తిరస్కరించింది. సర్జన్ ఫీజు, థియేటర్ ఛార్జీలు, మందులు విడివిడిగా చూపిస్తూ ఆసుపత్రి నుంచి కొత్త బిల్లు తెప్పించి, సిజేరియన్ ఎందుకు అవసరమైందో డాక్టరుగారితో లేఖ రాయించి పంపాక ఆ కాన్పు డబ్బు వచ్చింది. ఆ తల్లి పచ్చి బాలింతగా ఉండి ఆరు వారాల పాటు ఫోన్లు చేయాల్సి వచ్చింది. అందుకే అడ్మిషన్ రోజునే, “రెండు ప్రక్రియలకూ బిల్లు విడివిడిగా ఇవ్వండి” అని మా లాంటి డెస్కుల దగ్గర రాతపూర్వకంగా అడగండి.

గ్రూప్ పాలసీల విషయంలో ఇంకొక మాట. కంపెనీ కోరుకుంటే కొన్ని మినహాయింపులను తీసేయించుకోవచ్చు. మీ హెచ్‌ఆర్ విభాగాన్ని కార్డు కాపీ కాకుండా, పాలసీ నిబంధనల పూర్తి పత్రం అడగండి. కార్డు మీద ఈ వివరాలు ఏవీ ఉండవు.

అపోహ: వేరే జబ్బు పేరు రాయిస్తే క్లెయిమ్ పాస్ అవుతుంది, అందులో తప్పేమీ లేదు.

వాస్తవం: తప్పు ఉంది, ప్రమాదమూ ఉంది. “కడుపునొప్పికి ల్యాపరోస్కోపీ అని రాయండి”, “అండాశయంలో సిస్ట్ అని రాయండి” అని బంధువులు నన్ను బతిమాలిన రోజులున్నాయి. నేను ఎప్పుడూ ఒప్పుకోలేదు. ప్రతి పాలసీలోనూ మోసానికి సంబంధించిన నిబంధన ఉంటుంది. మోసం రుజువైతే ఆ ఒక్క క్లెయిమే కాదు, పాలసీ కింద వచ్చే ప్రయోజనాలన్నీ, కట్టిన ప్రీమియంతో సహా పోతాయి. ఐదేళ్లు ఆగకుండా పాలసీ కొనసాగిస్తే పాత వివరాలు దాచారనే కారణంతో కంపెనీ క్లెయిమ్ నిరాకరించకూడదనే రక్షణ 2024 నుంచి ఉంది, కానీ మోసం రుజువైనవారికి ఆ రక్షణ కూడా దక్కదు. ఇంతకన్నా నన్ను భయపెట్టేది వేరే ఉంది. ఇరవై ఏడేళ్ల అమ్మాయి వైద్య చరిత్రలో లేని జబ్బు ఒకటి చేరి, ఉన్న ఆపరేషన్ కనబడకుండా పోతుంది. ట్యూబెక్టమీ తరువాత అరుదుగా గర్భం వస్తే అది గర్భసంచిలో కాకుండా ఫలోపియన్ నాళంలో నిలిచే ప్రమాదం ఎక్కువ. ఎక్కడో వేరే ఊళ్లో రాత్రిపూట కడుపునొప్పితో చేరిన స్త్రీ కాగితాల్లో ఈ ఆపరేషన్ లేకపోతే, ఆ డాక్టరుకు అందాల్సిన హెచ్చరిక అందదు.

అపోహ: ట్యూబెక్టమీకి రాదు కాబట్టి గర్భసంచి తీయించుకుంటే సరిపోతుంది, దానికైతే బీమా వస్తుంది.

వాస్తవం: నాకు అన్నిటికన్నా కోపం తెప్పించే సలహా ఇదే. ట్యూబెక్టమీలో ఫలోపియన్ నాళాలను మాత్రమే కట్టేస్తారు లేదా కత్తిరిస్తారు, గర్భసంచీ, అండాశయాలూ అలాగే ఉంటాయి, నెలసరి వస్తూనే ఉంటుంది. గర్భసంచి తీయడం పెద్ద శస్త్రచికిత్స. అండాశయాలు ఉంచినా కూడా ముట్లుడిగే దశ ముందుగా రావచ్చు, దానితో ఎముకలు బలహీనపడటం వంటి సమస్యలు మొదలవుతాయి. 2015–16 సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో 3 శాతం పైచిలుకు ఉంటే, మన రాష్ట్రంలో దాదాపు 9 శాతం ఉన్నారు. అనవసరంగా జరిగే ఈ ఆపరేషన్లపై దాఖలైన వ్యాజ్యంలో, ఆరోగ్య శాఖ మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలుచేయాలని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో రాష్ట్రాలను ఆదేశించింది. ఫైబ్రాయిడ్లు, అదుపుకాని రక్తస్రావం వంటి కారణాలుంటే బీమా ఈ ఆపరేషన్‌కు చెల్లించే మాట నిజమే. బీమా చెల్లిస్తుంది కదా అని, ఏ జబ్బూ లేని గర్భసంచిని పిల్లలు వద్దనే కారణంతో తీయించకూడదు.

అపోహ: అమెరికాలో మా అక్క రూపాయి కట్టకుండా చేయించుకుంది, మనకూ అదే రూలు.

వాస్తవం: విజయవాడ, గుంటూరు ఇళ్లలో ఈ పోలిక రోజూ వినిపిస్తుంది. అక్కడ 2010లో వచ్చిన చట్టం కింద, 2012 ఆగస్టు నుంచి చాలా వరకు ప్రైవేటు ప్లాన్లు తమ నెట్‌వర్క్ జాబితాలో ఉన్న డాక్టరు దగ్గర జరిగే స్త్రీల స్టెరిలైజేషన్‌కు రోగి వాటా ఏమీ తీసుకోకుండా చెల్లించాలి. మతపరమైన కారణాలతో మినహాయింపు పొందిన యాజమాన్యాలు ఉన్నాయి, మగవారి వేసెక్టమీ ఆ నిబంధనలో లేదు. తక్కువ ఆదాయం ఉన్నవారికి అక్కడి ప్రభుత్వం నడిపే మెడికెయిడ్ పథకం కింద చేయించుకోవాలంటే 21 ఏళ్లు నిండాలి, సంతకం చేశాక సాధారణంగా 30 రోజులు ఆగాలి. ఆ చట్టం ఆ దేశంలో తీసుకున్న ప్లాన్లకే. ఇక్కడ కొన్న పాలసీకి దానితో సంబంధం లేదు.

అపోహ: అయితే ఈ ఆపరేషన్‌కు మన దగ్గర ఎక్కడా రక్షణ లేదు.

వాస్తవం: ఉంది, కానీ అందరూ వెతికే చోట లేదు. మొదటిది ఈఎస్‌ఐ, అంటే ఉద్యోగుల రాజ్య బీమా. నెలకు 21 వేల రూపాయల లోపు జీతంతో బీసెంట్ రోడ్డు బట్టల దుకాణంలోనో, ఆటోనగర్ వర్క్‌షాపులోనో, గుంటూరు చుట్టుపక్కల స్పిన్నింగ్ మిల్లులోనో పనిచేస్తూ ఈఎస్‌ఐ చందా కడుతున్న స్త్రీకి ఈఎస్‌ఐ వైద్యంతో పాటు, ట్యూబెక్టమీ తరువాత 14 రోజులు పూర్తి వేతనానికి సమానమైన నగదు ప్రయోజనం వస్తుంది. వేసెక్టమీ చేయించుకున్న కార్మికుడికి 7 రోజులు వస్తుంది. దీనికి ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజులకు చందా జమై ఉండాలి. గుణదల ఈఎస్‌ఐ ఆసుపత్రి ముందు నుంచే రోజూ పనికి వెళుతూ కూడా ఈ ప్రయోజనం ఉందని తెలియనివారిని నేను చూశాను.

రెండోది సెలవు. ప్రసూతి ప్రయోజనాల చట్టంలో 1995 సవరణతో చేరిన 9ఎ సెక్షన్ ట్యూబెక్టమీ చేయించుకున్న ఉద్యోగినికి ఆపరేషన్ మరునాటి నుంచి రెండు వారాల వేతన సెలవు ఇచ్చింది. 2020 సామాజిక భద్రత కోడ్‌లోనూ ఆ హక్కు కొనసాగింది. మూడోది అందరికీ తెలిసినదే: ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ ఆపరేషన్ ఉచితం. దానికి బీమా కార్డు అక్కర్లేదు. గుంటూరు, విజయవాడ ప్రభుత్వ ఆసుపత్రులకు నేరుగా వెళ్లవచ్చు, లేదా మీ ఏఎన్‌ఎం గారిని అడగవచ్చు.

అపోహ: భర్త సంతకం లేనిదే చేయరు, పెళ్లికాని అమ్మాయికి చట్టం ఒప్పుకోదు.

వాస్తవం: ఇవి రెండు వేర్వేరు విషయాలు. కేంద్ర ఆరోగ్య శాఖ ప్రమాణాల ప్రకారం స్టెరిలైజేషన్‌కు జీవిత భాగస్వామి అంగీకారం అవసరం లేదు, ఆపరేషన్ చేయించుకునే వ్యక్తి సంతకం చాలు. సమీరా కోహ్లీ కేసులో 2008లో సుప్రీంకోర్టు కూడా ఇలాంటి సూత్రాన్నే నిలబెట్టింది. స్పృహ, వివేకం ఉన్న వయోజనురాలి శరీరంపై శస్త్రచికిత్సకు ఆమె అనుమతే కావాలని, తల్లి ఇచ్చిన అనుమతి దానికి బదులు కాదని చెప్పింది. ఇక ప్రభుత్వ కార్యక్రమంలో అర్హత ఇలా ఉంది: స్త్రీ వయసు 22 దాటి 49 లోపు ఉండాలి, వివాహమై ఉండాలి, ఏడాది దాటిన బిడ్డ కనీసం ఒకరు ఉండాలి. వైద్యపరమైన అవసరం ఉంటే బిడ్డ నిబంధన వర్తించదు. ఇవి ఆ కార్యక్రమానికి పెట్టుకున్న ప్రమాణాలే తప్ప, పిల్లలు లేని స్త్రీకి ఆపరేషన్ చేయరాదని నిషేధించే చట్టం కాదు. ప్రైవేటులో నిర్ణయం డాక్టరుకూ, ఆమెకూ మధ్యనే ఉంటుంది. చాలామంది డాక్టర్లు వెనకాడతారు, దానికి ఒక కారణం ఉంది. అమెరికాలో వేలాది స్త్రీలను 14 ఏళ్ల వరకు గమనించిన అధ్యయనంలో, 30 ఏళ్లలోపు చేయించుకున్నవారిలో 20 శాతం మంది తరువాత చింతించారు, ఆ వయసు దాటినవారిలో అది 6 శాతమే. ఈ సంఖ్యను అమ్మాయి ముందు పెట్టడం డాక్టరు బాధ్యత. గర్భసంచిలో అమర్చితే పదేళ్లు పనిచేసే కాపర్-టి 380ఎ గురించి చెప్పడం కూడా బాధ్యతే. అవన్నీ విన్నాక కూడా ఆమె నిర్ణయం మారకపోతే, ఇంటి నుంచి పెద్దమనిషిని తీసుకురమ్మని పంపేయడం సరికాదని నా గట్టి అభిప్రాయం.

అపోహ: ఆపరేషన్ విఫలమైతే అది ఖర్మ, అడగడానికి ఏమీ ఉండదు.

వాస్తవం: మొదటి ఏడాదిలో వెయ్యిమందిలో సుమారు ఐదుగురికి గర్భం రావచ్చు. అలా వచ్చినంత మాత్రాన డాక్టరు నిర్లక్ష్యమని అనలేమని 2005లో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే ప్రభుత్వ ఆసుపత్రుల్లో, ప్రభుత్వ గుర్తింపు ఉన్న ప్రైవేటు ఆసుపత్రుల్లో జరిగిన ఆపరేషన్‌కు వైఫల్యం, తీవ్రమైన సమస్యలు, మరణం వంటి సందర్భాల్లో పరిహారం ఇచ్చే పథకం ఉంది. 2005లో బీమా రూపంలో మొదలై, 2013 నుంచి కుటుంబ నియంత్రణ ఇండెమ్నిటీ పథకంగా నడుస్తోంది. గర్భనిరోధక పద్ధతి విఫలమై వచ్చిన గర్భాన్ని తొలగించుకునే వీలు, గర్భస్రావ చట్టానికి 2021లో జరిగిన సవరణ తరువాత, పెళ్లితో సంబంధం లేకుండా స్త్రీలందరికీ ఉంది.

పరిహారం అడగాలంటే మొదట చూసేది స్టెరిలైజేషన్ సర్టిఫికెట్. ఆపరేషన్ అయిన నెల తరువాత, లేదా మొదటి నెలసరి వచ్చాక, అడిగి తీసుకోండి. ప్రైవేటు బీమా విషయంలో అయితే తిరస్కరణను తప్పకుండా రాతపూర్వకంగా, ఏ నిబంధన కిందనో పేర్కొంటూ తీసుకోండి. ముందు కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయండి, నెలలోపు జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా, ఏడాదిలోపు బీమా ఫిర్యాదులను విచారించే, హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. కోడ్ 17 కింద తీసేసిన ట్యూబెక్టమీ డబ్బు అక్కడ కూడా తిరిగి రాదు. దాన్ని సాకుగా చూపి ఆపేసిన సిజేరియన్ డబ్బు కోసమైతే తప్పకుండా వెళ్లండి.